పదమూడో బిళ్ళ

టెర్యో అమ్మేది కీళ్ళనొప్పుల నూనె. కానీ ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో పట్నం దగ్గరి ఆ రేవు సంతలో నూనె కోసం ఎవరూ ఆగరు. అతని చేతిలో మాయమయ్యే పీసో బిళ్ళ కోసం ఆగుతారు. బిళ్ళను కుడిచేత్తో తీసి, ఎడమచేతిలో పెట్టి, గుప్పిట మూసి ఊదుతాడు. తెరిస్తే ఖాళీ. నిజానికి బిళ్ళ కుడిచేయి దాటదు, బొటనవేలి మొదట్లో కండ మడతలో నక్కి ఉంటుంది. అసలు పని మాత్రం కళ్ళది. బిళ్ళ ఎడమచేతిలోనే ఉందని ముందు తన కళ్ళు నమ్మాలి, అవి ఎటు పోతే జనం అటు పోతారు. నలభై ఏళ్ళుగా ఊరు ఊరంతా బుద్ధిగా ఎడమచేతినే చూసింది.

ఎదురుగా ఎండుచేపలు అమ్మే సిమ్యోనా ఒక్కతే చూడలేదు. భర్త పోయిన మనిషి, నోరు కాస్త పదును. ఓ పొద్దున చేపల మీద ఈగలు తోలుతూనే, "ఆ చెయ్యి కాదయ్యా, రెండోది తియ్యి" అంది. టెర్యోకు నలుగురిలో పరువు పోయింది, దాంతోపాటే మనసూ పోయింది. మూడేళ్ళు ఆమె కొట్టు చుట్టూ తిరిగి, తినలేనన్ని ఎండుచేపలు కొన్నాడు.

చివరికి ఆమె పెళ్ళికి ఒప్పుకుంది.

"పెళ్ళినాడు చర్చిలో ఆచారం ప్రకారం పదమూడు బిళ్ళలు నా దోసిట్లో పొయ్యాలి కదా. పన్నెండే పడ్డాయనుకో, అట్నుంచటే ఇంటికెళ్ళిపోతా. మళ్ళీ నా మొహం చూడవు."

"నా చెయ్యి నా మాట వింటుందిలేవే."

"వింటే మంచిదే."

పెళ్ళికి ముందు వారమంతా ఆ పెద్దమనిషి గింజలూ, బొత్తాలూ, వెల్లుల్లి రెబ్బలూ పదమూడేసి చొప్పున గిన్నెలో పోసి చూసుకున్నాడు. ప్రతిసారీ ఒకటి తక్కువ.

పెళ్ళినాడు సంత మొత్తం చర్చిలోనే ఉంది. టెర్యో ఊపిరి బిగబట్టి బిళ్ళలు పోశాడు. పన్నెండు చప్పుళ్ళు వినిపించాయి. పదమూడోది మడతలో వెచ్చగా కూర్చుంది. చెయ్యి తెరిస్తే నలభై ఏళ్ళ గుట్టు సంతకంతా తెలిసిపోతుంది, తెరవకపోతే సిమ్యోనా వెళ్ళిపోతుంది. ఆమె కళ్ళు అప్పటికే అతని కుడిచేతి మీద ఉన్నాయి.

టెర్యో చెయ్యి చాపి, అందరికీ కనబడేలా వేళ్ళు విప్పాడు. చెమటకు అంటుకుపోయిన బిళ్ళ ఓ పట్టాన రాలలేదు, రెండుసార్లు విదిలించాల్సి వచ్చింది.

"ఓహో, అక్కడా దాచేది" అన్నాడు వెనక బెంచీలోంచి మాంసం కొట్టతను. "ఎంత నూనె కొనిపించావయ్యా నాచేత."

"నేను కాదు సిమ్యోనా, చెయ్యి చేసింది" అన్నాడు టెర్యో. సిగ్గుతో చచ్చిపోతున్నాడు పాపం.

ఆమె వెళ్ళిపోలేదు. ఇక బిళ్ళలు తిరిగి పెళ్ళికొడుకు చేతుల్లో పోయడం ఆమె వంతు. పోసింది. ఆ అరచేతులకు లెక్క చెప్పక్కర్లేదు. పన్నెండే.

టెర్యో తలెత్తాడు. ఇంకేమైనా మిగిలిందా అన్నట్టు సిమ్యోనా తన ఎడమచేతిని భక్తిగా చూసుకుంటోంది. పాదిరీ ఆ చేతినే చూశాడు. ఊరంతా ఆ చేతినే చూసింది.

టెర్యో ఒక్కడే ఆమె కుడిచేతిని చూశాడు.