తర్వాతమ్మ రెండోసారి అడిగినప్పుడు

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది. ఆస్పత్రిలో మాత్రం అందరికీ తర్వాతమ్మే. ముప్ఫై ఏళ్ళపాటు ఓపీ చీటీల కిటికీ వెనక కూర్చుని, చీటీ చింపి చేతిలో పెట్టి, "తర్వాత!" అని కేకెయ్యడం ఆవిడ ఉద్యోగం. ఆ కేక పై అంతస్తు దాకా వినిపించేది. వరస తప్పించి ముందుకొచ్చినవాడు ఎంతటి మొనగాడైనా, ఆవిడ నోట్లో పడ్డాడంటే వెనక్కెళ్ళి చివర నిలబడాల్సిందే.

రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవక, మా మానసిక వైద్య విభాగానికి వచ్చింది. మా డాక్టరమ్మని, అక్కడ చదువుకోడానికి వచ్చిన రోజుల నుంచీ ఎరుగును కాబట్టి, నువ్వు అనే పిలిచేది. "ఏదో ఒక పని ఇప్పించమ్మా. గోడలతో మాట్లాడ్డం మొదలెట్టానంటే ఎలాగూ నీ దగ్గరికే తీసుకొస్తారు" అంది.

అప్పుడు మా దగ్గర ఒక పని నడుస్తోంది. వేరే దేశంలో, వేరే భాషలో తయారైన ప్రశ్నాపత్రం ఒకటి. మనిషి లోలోపల ఎంత నలిగిపోతున్నాడో తెలుసుకోవడానికి ఇరవై ప్రశ్నలు. అవును అంటే ఒకటి, లేదు అంటే సున్నా. మొత్తం ఎనిమిది దాటితే డాక్టరు గదికి పంపాలి. దాన్ని మనవాళ్ళకి సరిపడేలా మార్చాలి. సెలవు రోజుల్లో మీ సరదాలు ఆనందాన్నివ్వడం మానేశాయా అన్న ప్రశ్నకి ఒక ముసలాయన "సెలవా? ఎక్కడిదండీ?" అని పకపకా నవ్వేశాడు. దాన్ని తీసేసి, రోజూ చేసే పనిలో మనసు నిలవడం లేదా అని రాశారు. ఇలా మూడు నెలలు కొట్టివేతలు, దిద్దుబాట్లు అయ్యాక అసలు పరీక్ష మొదలైంది. ఒకే మనిషిని పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు అడగాలి. జవాబులు కలవాలి. ఒకే మూటకి పొద్దున ఒక బరువు, సాయంత్రం ఒక బరువు చూపించే తక్కెడ ఎవరికి కావాలి?

ఆ జవాబుల్ని కంప్యూటరులోకి ఎక్కించే గుమాస్తాని నేను. అంకెలు కలవకపోతే నాకు ఒళ్ళు మండుతుంది.

అడిగేవాళ్ళు ముగ్గురు. ఇద్దరు సైకాలజీ చదువుకున్న అమ్మాయిలు, మూడో మనిషి తర్వాతమ్మ. అమ్మాయిల కాగితాలు చూస్తే నాకు కడుపు నిండేది. మొదటిసారి సున్నా, రెండోసారి సున్నా. అక్కడక్కడా రెండు ఉంటే మళ్ళీ రెండే. తర్వాతమ్మ కాగితాల్లో మొదటిసారి సున్నా, రెండోసారి పదకొండు. మొదటిసారి ఒకటి, రెండోసారి తొమ్మిది. నలభై మందిలో ముప్ఫై మందిది ఇదే వరస. నేనేదో పెద్ద దొంగని పట్టుకున్నట్టు, ఎర్ర సిరాతో "నమ్మదగినవి కావు" అని రాసి ఆ కట్టని డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను.

డాక్టరమ్మ నన్నూ తర్వాతమ్మనీ పిలిచింది.

"పెద్దమ్మా, ఉన్నది ఉన్నట్టు చదువుతున్నారా, మధ్యలో ఏమైనా విడమరిచి చెబుతున్నారా?"

"కాగితంలో ఉన్నదే చదువుతున్నానమ్మా."

"మరి పదిహేను రోజుల్లో మనుషులు ఇంతలా మారిపోతారా?"

"వాళ్ళేం మారలేదు. మొదటిసారి నేనెవరో వాళ్ళకి తెలీదు. ముక్కూ మొహం తెలియని మనిషొచ్చి, బతకాలని లేదా అని అడిగితే ఎవరు చెబుతారు? నువ్వైతే చెబుతావా?" అంది తర్వాతమ్మ. "అందుకే కాగితం మడిచేశాక కాసేపు కూర్చుంటాను. నా మోకాళ్ళ సంగతి, మా అల్లుడి కోపం, మా ఆయన సంగతి చెబుతాను. మనది దాచుకుని ఎదుటివాళ్ళది అడగడం ఏం మర్యాద?"

ఆయన సంగతి నాకు తెలుసు. అంతకు వారం ముందే, టీ తాగుతూ నాకూ చెప్పింది. ఆయన లిఫ్టు నడిపేవాడు. ఆ పని పోయాక ఏడాదిపాటు గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడట. "బద్ధకం అనుకుని నోటికొచ్చినట్టు తిట్టాన్రా. రోజూ వందలమందికి ఏ గదికెళ్ళాలో చెప్పిన నోరిది. ఇంట్లో మనిషికి చెప్పలేకపోయింది" అంది. ఆ ఏడాది చివర్లో ఆయన పోయాడు. అప్పుడు నేను కనిపించని స్టేప్లరు కోసం సొరుగంతా వెతికాను.

"మీరన్నది నిజమే కావచ్చు. కానీ ప్రశ్నకి ఒక్క మాట కలిపారని తేలినా ఈ కాగితాలన్నీ పక్కన పెట్టాల్సిందే" అంది డాక్టరమ్మ.

"నా పని పోతే పోయింది. అమ్మాయిల సున్నాలు చూసి ఈ పత్రం బ్రహ్మాండంగా ఉందని అన్ని ఆస్పత్రులకీ పంపేస్తారు. అక్కడ సున్నా చెప్పినవాళ్ళని, నీకేం లేదు ఇంటికెళ్ళు అంటారు. నా ముప్ఫై మందీ మొదటిసారి అలాగే వెళ్ళిపోయేవాళ్ళు కదమ్మా" అంది తర్వాతమ్మ.

దారి నేనే చెప్పాను. ఆస్పత్రి సిబ్బందిలో కొందర్ని కూడా ఈ ప్రశ్నలు అడిగారు, అందులో నేనొకణ్ణి. నన్ను అడిగింది తర్వాతమ్మే. రెండు నిమిషాల్లో ఇరవై లేదులు చెప్పి లేచి వచ్చాను. రెండోసారి అడగాల్సిన రోజు మర్నాడే. "అసలు పత్రం నా చేతిలో పెట్టుకుని కూర్చుంటాను. ఒక్క ముక్క ఎక్కువైనా ఎర్ర గీత పెడతాను" అన్నాను. డాక్టరమ్మ సరేనంది.

మర్నాడు మధ్యాహ్నం, ఫైళ్ళ గదిలో రెండు స్టూళ్ళు వేసుకున్నాం. తర్వాతమ్మ కళ్ళజోడు సర్దుకుని చదివింది. పొల్లుపోలేదు. నేను "లేదు" అన్నాను.

"తర్వాత" అంది.

ఆ మాట పత్రంలో లేదు! ఎర్ర గీత పెట్టాను. రెండో ప్రశ్న, మళ్ళీ "తర్వాత", మళ్ళీ గీత. మూడోది నిద్ర గురించి. బాగానే పడుతోందన్నాను. అలా ఆరు గీతలయ్యాయి.

ఏడో ప్రశ్న. "మీ బాధ చెప్పుకోవడానికి ఎవరూ లేరని అనిపిస్తోందా?"

మా అక్క పోయి అప్పటికి ఏడు నెలలు. అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది అక్కే. అక్క పోయినప్పుడు అందరూ బావని ఓదార్చారు, పిల్లల్ని దగ్గరికి తీసుకున్నారు. అది న్యాయమే. నన్ను మాత్రం "బావ ఎలా ఉన్నాడు? పిల్లలెలా ఉన్నారు?" అని అడిగేవాళ్ళు. ఎప్పుడో పెళ్ళై వెళ్ళిపోయిన అక్క కోసం నలభై ఏళ్ళవాడు ఎన్నాళ్ళు ఏడుస్తాడులే అని నేనే నా నోరు నొక్కేసుకున్నాను.

లేదు అనబోయాను. ఎదురుగా ఉన్నది గోడవైపు తిరిగి పడుకున్న మొగుడి సంగతి నాకు చెప్పిన మనిషి.

"అవును" అన్నాను.

ఇప్పుడు తర్వాత అంటుందని ఎర్ర పెన్ను పట్టుకుని చూస్తున్నాను. అనలేదు. ఒకటి వేసి, కాగితం ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. చాలాసేపు ఏడ్చాను.

"మూడోది మళ్ళీ అడగండి పెద్దమ్మా. నిద్ర పడుతోందని అబద్ధం చెప్పాను."

"చెప్పిన జవాబు దిద్దడానికి వెనక్కెళ్ళకూడదని అడిగేవాళ్ళందరికీ చెప్పింది నువ్వే కదరా! ముక్కు తుడుచుకో. ఇంకా పదమూడున్నాయి."

మూడోది దిద్దకుండానే పన్నెండు వచ్చింది.

ఆ కాగితాలు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. "ఈ గీతలేంటి?" అంది డాక్టరమ్మ.

"ఆరుసార్లు తర్వాత అంది. అంతకుమించి ఒక్క మాట కలపలేదు."

డాక్టరమ్మ రెండు మొత్తాలూ చూసింది, సున్నా, పన్నెండు. నా మొహం చూసింది. నా చేతిలోని ఎర్ర పెన్ను తీసుకుని, కట్ట మీద నేను రాసిన మాటని కొట్టేసింది. ఆ తర్వాత కొత్తగా యాభై మందిని అడిగించింది. ఈసారి అమ్మాయిలు కూడా కాగితం మడిచాక కూర్చుని తమ సంగతులు చెప్పారు. వాళ్ళ అంకెలూ కలవలేదు. చివరికి అచ్చయిన పత్రంలో మొట్టమొదటి వాక్యం, మొదటిసారి చెప్పిన జవాబులు లెక్కలోకి తీసుకోకూడదని.

ఇక నా సంగతి. పన్నెండంటే ఎనిమిది దాటినట్టే, డాక్టరు గదికి వెళ్ళాలి. సిబ్బందిని కదా, పక్క తలుపులోంచి వెళ్తానన్నాను. తర్వాతమ్మ కళ్ళెర్రజేసింది.

"వరసలో నిలబడు."

చీటీల కిటికీ ముందు నిలబడ్డాను. నా ముందు ఏడుగురున్నారు. మోకాళ్ళు పట్టేస్తున్నాయని గొణుక్కుంటూ ఆవిడ కూడా నా పక్కనే నిలబడింది.

"మీ అక్క ఎలా ఉండేదిరా?" అని అడిగింది.

ఏడు నెలల్లో ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడ. కిటికీ దాకా చెబుతూనే ఉన్నాను.