లేని చింతచెట్టు

ఆ రోజుల్లో కోపం నా ముక్కు మీదే ఉండేది, బుర్ర ఎక్కడుండేదో మాత్రం తెలియదు. పాలకొల్లులో రిజిస్ట్రారాఫీసు ఎదురుగా ఒక దస్తావేజు లేఖరి గారి దగ్గర టైపు కొట్టేవాణ్ణి. పాత దస్తావేజులో ఇంటి హద్దులు ఎలా ఉంటే అలా కొత్తదాంట్లోకి దించెయ్యడమే పని. (స్థలం చూసొచ్చి రాయాలని ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆ ఎండలో ఎవడు వెళ్తాడు?) అలా దించుతూనే పక్క ఊళ్ళో ఒక పాత పెంకుటిల్లు కొన్నాను, అమ్మ కోసం. మేం ఎప్పుడూ అద్దెకి వెనక వాటాల్లోనే ఉన్నాం. వీధిలోంచి తిన్నగా తన గుమ్మంలోకి నడవాలన్నది అమ్మకున్న ఒక్కగానొక్క కోరిక.

పాలు పొంగించే రోజు పొద్దున్నే వెళ్ళేసరికి మా ఇంటికున్న ఒకే ఒక్క సందుకి అడ్డంగా ముళ్ళకంచె! పక్కనే మల్లెపువ్వులాంటి పంచెలో పక్కింటి మేష్టారు, రిటైరైన పెద్దాయన.

"ఏంటండీ ఇది?" అని అరిచాను.

"ఆయ్, మీ కాయితంలో ఉన్నదేనండి. తూర్పు హద్దు మునసబు గారి చింతచెట్టని రాసుంది కదండీ. ఆ చెట్టు మీ మెట్ల పక్కనే ఉండేదండి. ఇవతలదంతా మాదండి."

ఆ చెట్టు ఎప్పుడో గాలివానకి పడిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన శాంతంగా విని, "కాఫీ తాగి తిట్టండి బాబూ. అమ్మ గారూ, మీరు మా ఇంట్లోంచి వెళ్ళండమ్మా. హక్కు వేరు, మర్యాద వేరు" అన్నారు. అమ్మ పాలగిన్నె పట్టుకుని వాళ్ళ వంటింట్లోంచి, పెరటి తలుపు దాటి, గృహప్రవేశం చేసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు ఒళ్ళంతా మండిపోయింది.

ఊళ్ళో సాక్షుల్ని అడిగాను. ఒకాయన చెట్టు ఇక్కడన్నాడు, ఇంకొకాయన అక్కడన్నాడు, మూడో ఆయన అసలది చింత కాదు, వేపన్నాడు. ప్లీడరు గారైతే కాయితమంతా చదివి, "లేని చెట్టుని హద్దుగా రాసిన దద్దమ్మ ఎవడండీ?" అన్నారు. చివర్న 'తయారు చేసినవారు' అన్నచోట ఉన్నది నా పేరే.

కోర్టులో రెండేళ్ళు వాయిదాలు. రెండేళ్ళూ రోజూ ఆ వంటింట్లోంచే రాకపోకలు, రోజూ కాఫీ. (వద్దంటే మేష్టారి భార్య నొచ్చుకునేవారు.) చివరికి ఆయనే పెరట్లో మరుగుదొడ్డికి గుంట తవ్విస్తుంటే చింతమొద్దు బయటపడింది, కంచెకి చాలా అవతల, అంటే సందంతా మాదే. స్వయంగా వచ్చి పిలిచారు. "బాబూ, మీ చెట్టు దొరికిందండి." సాయంత్రానికి కంచె ఆయనే పీకించేశారు. గెలిచిన రోజైనా కడుపారా తిట్టే భాగ్యం లేకుండా చేశారు మహానుభావుడు!

ఇప్పుడు నేనే లేఖరిని. "పాతదాంట్లో ఉన్నట్టే కొట్టెయ్యండి" అని ఎవరైనా తొందరపెడితే అంతెత్తున లేస్తాను. కొలిచే టేపు ఒక కొస వాళ్ళ చేతికిచ్చి, ఎంత ఎండైనా హద్దుల చుట్టూ నడిపిస్తాను. తిట్టుకుంటూనే నడుస్తారు. ఆ రోజుల్లో ఎవరైనా ఇలాగే తిట్టి నన్ను నడిపించి ఉంటే, అమ్మ తన ఇంట్లోకి మొదటిసారి తన గుమ్మంలోంచే అడుగుపెట్టేది. (కాఫీ మాత్రం, నిజం చెప్పొద్దూ, చాలా బాగుండేది.)