గాబ్రియేలు వేయించిన వేలిముద్రలు

మా ఊరి గాబ్రియేలు రెండెకరాల మెట్ట రైతు. రెండువేల ఒకటిలో మండలాఫీసు వాళ్లు ఊరికో వాటర్‌షెడ్ కమిటీ ఉండాలంటే, పార్టీ గొడవల్లో తలదూర్చని మనిషి ఇతనొక్కడేనని అధ్యక్షుణ్ణి చేశాం. ఆ రోజుల్లో ప్రభుత్వానికి కమిటీలంటే మహా ముద్దు. జీపుల్లో వచ్చి, కుర్చీలేసి మరీ మా చేత మాట్లాడించేవారు. ఊరంతా శ్రమదానం చేసి వంక మీద చెక్‌డ్యాం కట్టాం. ఎండిన బావుల్లో నీళ్లు ఊరాయి.

ఒక్కటే చిక్కు. ప్రతి పనికీ తీర్మానం కావాలి, సభ్యులేమో మిరప కోతలకని గుంటూరు వెళ్లిపోతారు. పని ఆగకూడదని, గాబ్రియేలు వాళ్లు బస్సెక్కేముందే తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీల మీద వేలిముద్రలు వేయించుకునేవాడు. తప్పని ఎవరికీ తోచలేదు. పది చదివిన నాకైనా తోచలేదు, సిగ్గుచేటు.

రెండువేల నాలుగులో ప్రభుత్వం మారింది. కమిటీలన్నీ పాత పార్టీవేనన్నారు. ఏ జెండా పట్టని గాబ్రియేలుకూ ఆ పేరే అంటుకుంది. మండలాఫీసు వాళ్లు తనిఖీకని పట్టుకుపోయిన తీర్మానాల పుస్తకం తిరిగి రాలేదు.

రెండేళ్లకు ముగ్గురాయి, అంటే బెరైటీస్, తవ్వే ఒక గని కాంట్రాక్టరు, తవ్విన మట్టిని మా వంకలో పోసుకుంటానని అర్జీ పెట్టాడు. ఊరి అభిప్రాయం వినడానికి అధికారులు సభ పెడితే అందరం వద్దన్నాం. అప్పుడు అధికారి, కొత్త తేదీ వేసిన మా కమిటీ తీర్మానమే చదివాడు. అభ్యంతరం లేదట. కింద సభ్యుల వేలిముద్రలు, వాటిలో ఏడాది కింద పోయిన భీమక్కది కూడా.

గాబ్రియేలు లేచాడు. "సార్, ఆ యమ్మ సచ్చిపోయి ఏడాదాయ. ఉత్త కాగితాల మీద నేనే ముద్రలు ఏయిస్తి. ఆ రాత మాది కాదు సార్."

అధికారి శ్రద్ధగా రాసుకున్నాడు. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. అధ్యక్షుడే ఒప్పుకున్నాడు కాబట్టి కమిటీ బూటకం, అది కట్టిన చెక్‌డ్యాంకు రికార్డుల్లో చోటు లేదు. రికార్డుల్లో లేని కట్ట మీద మట్టి పోస్తే అడిగేదెవరు? లారీలకు అడ్డంగా గాబ్రియేలు ఒక్కడే కూర్చున్నాడు. భయంతో మేమెవరం అటు వెళ్లలేదు. పోలీసులు అతన్ని ఎత్తి పక్కన పెట్టారు. ఆ ఎండాకాలానికే బావులు అడుగంటాయి.

రెండువేల ఎనిమిదిలో ఉపాధి హామీ పనుల లెక్క ఊరే చూసుకోవాలని, కమిటీకి పేర్లివ్వమని సామాజిక తనిఖీ వాళ్లు కొందరు వచ్చారు. మంచివాళ్లలాగే ఉన్నారు. మాలో ఎవరం పేరివ్వలేదు. చివరికి గాబ్రియేలునే అడిగారు.

"నన్ను అడగొద్దప్పా," అన్నాడు. "నేను అబద్ధం రాయిచ్చినా, నిజం జెప్పినా, ఊరికి చేటే అయితాండాది."

వాళ్లు కాగితాలు సర్దుకున్నారు. మేమూ ఎవరిళ్లకు వాళ్లం పోయాం.