మేం వెళ్ళని బైబరీ

ఇంగ్లండ్ పల్లెటూళ్ళంటే నాకు పిచ్చి. ఇక్కడ అమెరికాలో, శాన్ రామన్‌లో ఆఫీస్ పని, ఇంటి పని అయ్యాక బట్టలు మడతపెడుతూ టీవీలో అవే చూస్తాను. తేనె రంగు రాతి ఇళ్ళు, మోకాలి లోతు ఏరు, దాని మీద ఇద్దరు పక్కపక్కన నడవలేని వంతెన. గడ్డికప్పు ఇళ్ళను అక్కడ అపురూపంగా చూసుకుంటారు. మా వైపు పూరింట్లో ఉన్నవాళ్ళు డాబా వేసుకునేదాకా నిద్రపోరు, అక్కడ డబ్బున్నవాళ్ళే పూరిల్లు వెతుక్కుంటారని మా ఆయన వెక్కిరిస్తాడు. వెక్కిరిస్తూనే వచ్చి పక్కన కూర్చుంటాడు.

అక్కడి బైబరీ అనే ఊరిని ముగ్గురం కలిసి చూడాలని అమ్మాయి చిన్నప్పటి నుంచీ అనుకుంటున్నాం. ఏటా వేసవికి ముందు కాటేజీ బుక్ చేసేదీ నేనే, తర్వాత క్యాన్సిల్ చేసేదీ నేనే. మా ఇద్దరి పాస్‌పోర్టుల్లో అమెరికా వీసా స్టాంపు గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇక్కడే ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. దేశం దాటితే మాత్రం బయట కొత్త స్టాంపు వేయించుకుంటే తప్ప వెనక్కి రాలేం. గ్రీన్ కార్డు వరస చూస్తే కదలదు. తెలిసినాయన ఒకరు చెల్లెలి పెళ్ళికని ఇండియా వెళ్ళి, స్టాంపు దొరక్క నెలల తరబడి అక్కడే ఇరుక్కుపోయాడు. ఇక్కడ ఉద్యోగం పోయింది.

"రిస్క్ ఎందుకే, నెక్స్ట్ సమ్మర్ చూద్దాం" అంటాడు మా ఆయన. ఆ మాట విని విని ప్రాణం ఉసూరుమంటుంది. మొదట్లో పోట్లాడేదాన్ని. ఇప్పుడు ఆ ఓపికా లేదు.

అమ్మాయి ఈ ఏడు హైస్కూల్ అయిపోయి కాలేజీకి వెళ్ళిపోతోంది. దాని స్కూల్లో పాటలు పాడే పిల్లల్ని ఇంగ్లండ్ తీసుకెళ్తామన్నారు. ఆ పల్లెల్లో పాత చర్చిల్లో పాడతారట, బైబరీ కూడా ఉందట. ఇక్కడే పుట్టిన పిల్ల కాబట్టి దానికి ఏ అడ్డూ లేదు.

"మీరు లేకుండా నేను వెళ్ళను. ఇట్స్ అవర్ ట్రిప్" అంది.

"వెళ్ళు. చూసొచ్చి నాకు చెబుదువు గానీ" అన్నాను. పైకి తేలిగ్గానే అన్నాను గానీ, ముగ్గురం కలిసి వెళ్ళడం ఇక జరగదని నాకు తెలుసు.

అది పంపిన ఫొటోలు మీటింగ్‌ల మధ్య గబగబా చూసుకున్నాను. తీరిగ్గా దాని నోటితోనే వినాలని ప్రశ్నలన్నీ దాచుకున్నాను.

తిరిగొచ్చే రోజు ఇద్దరం ఎయిర్‌పోర్టుకి వెళ్ళాం. ఫ్లైట్ దిగానని మెసేజ్ వచ్చినా పిల్ల ఎంతకీ బయటికి రాలేదు. మా ఆయన ఫోన్ తీయడం, చూడటం, జేబులో పెట్టుకోవడం. చివరికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. పరుగున వచ్చి నన్ను వాటేసుకుంది.

"ఇమ్మిగ్రేషన్‌లో ఏమన్నా అడిగారా?" అన్నాను.

"నో. వెల్కమ్ హోమ్ అన్నాడు, అంతే."

మా ఆయన సూట్‌కేస్ అందుకుని మొహం అటు తిప్పుకున్నాడు. ఇన్నేళ్ళలో మాతో ఆ మాట ఎవరూ అనలేదు.

కారు ఎక్కాక వెనక సీట్లోంచి మెల్లగా అంది. "అమ్మా, బైబరీ ఎలా ఉందో అడగవా?"

నాకు ఏడుపొచ్చింది. ఏళ్ళ తరబడి కలవరించిన ఊరు చూసి నా పిల్ల వస్తే, దాన్ని రానిచ్చారా లేదా అని తప్ప నాకు ఇంకో మాట తోచలేదు.