మరియమ్మ గేదె మీద నేను మోపిన రెండంగుళాల నింద

మరియమ్మ గేదె పాల గురించి నేను చెప్పినదంతా తప్పు. ఆ తప్పును లెక్కల మాస్టారి హోదాలో, గట్టి గొంతుతో ఇంటింటికీ తిరిగి మరీ చెప్పి, ఒక మంచి గేదెను ఊరు దాటించబోయాను. కాబట్టి దిద్దుబాటు కూడా అందరి ముందే జరగాలి. నవ్వుకోండి. నా స్టూడెంట్ల కంట మాత్రం పడనివ్వకండి.

పర్చూరు దగ్గర మా ఊరు. మా అమ్మాయి కీర్తనకి పదేళ్ళు. నెలకోసారి వంటింటి ద్వారబంధానికి ఆనించి నిలబెట్టి, దాని ఎత్తు పెన్సిల్‌తో గీస్తాను. ఆ మధ్య మూడు నెలలు గీత మీదే గీత పడింది. సరిగ్గా అప్పుడే ఫోన్లో పాల మీద ఒక వ్యాసం చదివాను. పాలలోని మాంసకృత్తులు కండకి, కాల్షియం, భాస్వరం ఎముకకి అని రాశారు. అంతవరకూ నిజమే. ఆపైన తెలివి నాది.

"పిల్ల పెరగట్లేదంటే పాలలో సరుకు లేనట్టే" అన్నాను మా ఆవిడ సుజాతతో.

"మూడు నెలలకేనా? అదేమన్నా పొట్లపాదా?"

"నీకు తెలీదు. మరియమ్మ నీళ్ళు కలుపుతోంది."

మర్నాడు పాలు పోయడానికి వచ్చిన మరియమ్మని గుమ్మంలోనే అడిగేశాను. ఆమె క్యాను కింద పెట్టింది.

"పొద్దంతా మిరపకోతకి పోయొచ్చి కూడా దానికి పత్తి గింజలు నానబెట్టి పెడుతున్నా మాస్టారూ. నీళ్ళు కలిపే ఖర్మ నాకేంటి?"

"మరి పిల్ల ఎందుకు పెరగలేదు?"

"మీరేమన్నా తాటిచెట్టంత ఉన్నారా?"

నాకు రోషం వచ్చింది. ఆమె పాలు మానేసి, పక్కవీధి వెంకాయమ్మగారి దగ్గర కుదిర్చాను. ఆ నెలలోనే ఇంట్లో పగిలిన గచ్చు మీద టైల్స్ వేయించాం. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

నెల తిరిగింది. కీర్తనని నిలబెట్టి గీశాను. రెండంగుళాలు!

ఆ రోజు నేను తిరిగినట్టు ఓట్ల కోసం కూడా ఎవరూ తిరిగుండరు. "కొత్త పాలు! నెలకి రెండంగుళాలు! గీత చూసుకోండి!" లెక్కల మాస్టారి మాట కాదనేదెవరు? ఆరిళ్ళవాళ్ళు మరియమ్మ పాలు మానేశారు.

ఇంకో విచిత్రం. పాతకాలపు పొట్టి గుమ్మమైనా పదిహేనేళ్ళుగా తగలని వంటింటి గుమ్మం ఆ వారంలో మూడుసార్లు నా నడినెత్తికి తగిలింది.

"ఏవండీ, ఆ పాలు మీరూ తాగుతున్నారా?" అంది సుజాత.

నిజం చెప్పొద్దూ, కాస్త ఛాతీ విరిచాను.

తర్వాత తాపీ మేస్త్రి మస్తాన్ గోడ అంచుల్లో మిగిలిపోయిన పని ముగించడానికి వచ్చాడు. అతని ముందే నాలుగో దెబ్బ తగిలింది.

"వంగాలి మాస్టారూ! పాత గచ్చు తవ్వకుండా దానిమీదే వేస్తే నేల లేస్తుందని ముందే చెప్పాగా?"

"ఎంత లేచింది?"

"రెండంగుళాలు. టేపు పెట్టమంటారా?"

టేపు కీర్తనకి పెట్టాను. పాత ఎత్తే. వెంట్రుకవాసి తేడా లేదు.

సుజాత నా మొహం కూడా చూడలేదు. "మరియమ్మ గేదెని అమ్మేస్తోందట. బేరగాడు వచ్చి కూర్చున్నాడు" అంది.

చెప్పుల్లేకుండా పరుగెత్తాను. బేరగాడు అప్పటికే పలుపు పట్టుకున్నాడు. మరియమ్మ గేదె మెడ మీద చెయ్యేసి నిలబడింది. ఆమె కళ్ళలోకి చూసే ధైర్యం లేక గేదెకే చెప్పుకున్నాను.

"అమ్మొద్దు! తప్పు పాలది కాదు, నాది! పెరిగింది పిల్ల కాదు, నేల!"

సంగతంతా విని బేరగాడు పలుపు వదిలేసి పొట్ట పట్టుకున్నాడు. మరియమ్మ నవ్వలేదు.

"ఈ ముక్క ఇక్కడ కాదు, నేను పోగొట్టుకున్న ఆరు గుమ్మాల్లో చెప్పండి. పదండి" అని క్యాను నా చేతికిచ్చింది.

ఆరిళ్ళలోనూ చెప్పించింది. ఆఖరి ఇంట్లో మాత్రం తనే అందుకుంది.

"నా గేదె పాలకి పిల్లలు పెరుగుతారమ్మా, నిదానంగా. నెలకి రెండంగుళాలు కావాలంటే మస్తాన్‌ని పిలిపించుకోండి."

అందుచేత, నెత్తి మీది బొప్పి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ పిల్ల ఎత్తు కొలిచినా ముందు నేల కొలుస్తాను. వంటింటి గుమ్మం దగ్గర తప్పకుండా వంగుతాను. మరియమ్మ పాలు తెచ్చినప్పుడైతే, గుమ్మం లేనిచోట కూడా వంగుతాను.