తిట్లు పడితేనే కదిలే కత్తెర

మా వీధిలో కోటు మాస్టారిని తిట్టే హక్కు ఒక్కరికే ఉండేది. ఆ మనిషి పోయి చాలా ఏళ్ళయినా తిట్లు మాత్రం ఆగలేదు. పొద్దున్నే మాస్టారి కుట్టు దుకాణం తెరుచుకోగానే నా ఫోన్ల రిపేరు షాపులోకి ఆ గొంతు వచ్చేస్తుంది. మా రెండు దుకాణాలకీ మధ్య ఉన్నది ఒక్క గోడే, అదీ పల్చటిది.

"ఒరేయ్ దున్నపోతా! కత్తెర అంత పైకి ఎత్తకురా, గుడ్డ కదులుతుంది! చంక దగ్గర ఆ వంపేంటి? మనిషికి కుడుతున్నావా, మూటకి కుడుతున్నావా? కొలత మళ్ళీ చూడు!"

ఆ గొంతు మాస్టారి మామగారిది. మాస్టారు మీసాలు రాకముందే ఆయన దగ్గర పనికి చేరారు. గుండీలు కుట్టడం నుంచి కోట్లు కోయడం దాకా ఆయన చేతి కిందే నేర్చుకుని, చివరికి ఆయన కూతుర్నే పెళ్ళి చేసుకున్నారు. అల్లుడయ్యాక తిట్లు తగ్గుతాయని ఆశపడ్డారట. తగ్గకపోగా భోజనాల దగ్గర కూడా మొదలయ్యాయి. "నీ నోరు ఎలా ఉంటుందో నువ్వే విను నాన్నా" అని ఒకరోజు అక్కయ్య, అంటే మాస్టారి భార్య, తండ్రి తిట్లన్నీ ఫోనులో రికార్డు చేసింది. మధ్యలోనే చార్జింగు అయిపోయి ఫోను ఆరిపోయింది. తర్వాత పెద్దాయన విని సిగ్గుపడతాడనుకుంటే, "బాగానే తిడుతున్నానే!" అని మురిసిపోయాడు.

ఆయన పోయాక మాస్టారికి చేయి సాగలేదు. అరిచే మనిషి లేకపోతే తప్పెక్కడ జరుగుతోందో ఎలా తెలుస్తుందని ఒకటే బెంగ. అప్పుడు అక్కయ్య ఆ రికార్డింగు తీసి బల్ల మీద పెట్టింది. అంతే, కత్తెర కదిలింది. అప్పట్నుంచి అదే పద్ధతి. పొద్దున్నే అక్కయ్య వచ్చి, తన చేత్తో ఫోను నొక్కి, తిట్లు మొదలుపెట్టి వెళ్ళిపోతుంది. అవి అయిపోయి మళ్ళీ మొదటికొస్తాయి. పెద్దాయన "చంక" అనేసరికి మాస్టారి కత్తెర సరిగ్గా చంక దగ్గరే ఉంటుంది. ఇస్త్రీ పెట్టె తప్ప మీట ఉన్న వస్తువేదీ మాస్టారు ముట్టుకోరు.

ఈ ఏర్పాటును పాడుచేసింది మాస్టారి అల్లుడు, అదీ ప్రేమతోనే. అత్తగారి పాత ఫోను చూసి జాలిపడి, అద్దంలా మెరిసే కొత్తది కొనిచ్చి, పాతది ఏ దుకాణంలోనో వదిలించుకున్నాడు. పాత రికార్డింగును బుద్ధిగా కొత్తదాంట్లోకి ఎక్కించాడు కూడా. కానీ నొక్కితే "ఈ ఫైలును తెరవలేము" అంటుంది. సగంలో తెగిపోయిన రికార్డింగు కదా, దాన్ని విసుక్కోకుండా వినిపించే ప్లేయరు యాప్ ఒక్కటే ఉంది. పాత ఫోనులో ఉన్నది అదే. వేరే రకం ఫైలులోకి మారుద్దామని నేనూ చూశాను, నా కంప్యూటరు కూడా మొహం తిప్పుకుంది.

ఆ ప్లేయరు ఊరికే దొరుకుతుంది. ఎవరో నలుగురు తీరిక చేసుకుని తయారుచేసి, "వాడుకోండి, మార్చుకోండి, పక్కవాళ్ళకి పంచండి" అని వదిలేశారు. కొత్త ఫోనులోకి యాప్‌లు దించుకునే స్టోరు వాళ్ళ షరతేమో, దించుకున్నవాడు ఇంకొకరికి ఇవ్వకూడదని. పంచమనేవాళ్ళకీ వద్దనేవాళ్ళకీ పొసగక ప్లేయరు స్టోరులోంచి మాయమైంది. స్టోరులో లేనిది ఆ ఫోనులోకి రాదు. డబ్బు పోసి కొన్న ఫోనులో ఏముండాలో చెప్పడానికి వీళ్ళెవరండీ? ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

సరిగ్గా అప్పుడే వకీలు గారు ఒక గుడ్డ తెచ్చారు. వాళ్ళ నాన్నగారు కోటు కోసం దాచుకుని, కుట్టించుకోకుండానే పోయిన నల్ల ఉన్ని గుడ్డ. అలాంటిది ఇప్పుడు నేయడం లేదు. ఒక్క కోత తప్పితే మళ్ళీ ముక్క దొరకదు. మాస్టారు దాన్ని బల్ల మీద పరిచారు, నిమిరారు, మడిచి లోపల పెట్టేశారు. వచ్చిన ప్యాంట్లకు అంచులు మడుస్తూ కూర్చున్నారు.

"దీనికింత బాధెందుకు? మా నాన్న తిట్లన్నీ నాకు నోటికొచ్చు. నేనే తిడతాను" అంది అక్కయ్య. నాకెందుకో ఆవిడ మరీ హుషారుగా ఉన్నట్టు అనిపించింది.

ఆ రోజు మా వీధి వీధంతా పని మానుకుంది. భర్తను ఏవండీ అని తప్ప పిలవని మనిషి, దుకాణం మధ్యలో నడుం మీద చేతులేసుకుని, "ఒరేయ్ దున్నపోతా!" అని కేక పెట్టింది. బ్లౌజు కొలతలివ్వడానికి వచ్చినావిడ గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది. మాస్టారు పాత దుప్పటి మీద కోత మొదలుపెట్టారు. కాసేపు బాగానే సాగింది. తర్వాత అక్కయ్యకు ఊపొచ్చింది. "కత్తెర ఎత్తకురా! కొలత మళ్ళీ చూడు! వంటింట్లో కుళాయి కారుతోందని ఎన్నిసార్లు చెప్పానురా? మా చెల్లెలింటికి ఎప్పుడు తీసుకెళ్తావురా?"

మాస్టారు బిత్తరపోయి తలెత్తారు. దుప్పటి చంక కాస్తా నడుం దాకా చిరిగింది.

ఆయన ముఖం వేలాడేసుకుని నా దగ్గరికి వచ్చారు. "అమ్మాయ్, ఎలాగైనా మా మామగారిని మాట్లాడించు. లేకపోతే ఆ గుడ్డ తిరిగిచ్చేస్తాను. అది తిరిగిచ్చాక నేనింక కోట్లు కోయనమ్మా."

ఆయన వెళ్ళారో లేదో అక్కయ్య వచ్చింది. "చెల్లీ, ఆ రికార్డింగు జోలికి పోకు. నీకు దణ్ణం పెడతాను."

"ఎందుకక్కా?"

"ఎందుకంటే చెప్పను. పోకు, అంతే."

నన్ను ఎవరైనా వద్దంటే ఇక నా చెవులు పనిచేయవు. పైగా ఆ స్టోరు మీద కసి. వీపు పగిలిన ఫోనొకటి నా సొరుగులో పడి ఉంది, ఎక్కడి యాప్ అయినా ఎక్కించుకోనిచ్చే రకం. ప్లేయరును తయారుచేసినవాళ్ళ సొంత పేజీ నుంచే దించాను. "ఈ యాప్ మీ ఫోనుకు హాని చేయవచ్చు" అని ఫోను బెదిరించింది.

"హాని అంటే?" అని పక్కనే నిలబడ్డ మాస్టారు గుటకలు మింగారు.

"మీ మామగారు లోపలికొస్తున్నారు కదా, అందుకు భయపడుతోంది" అన్నాను.

అక్కయ్య గుండీలు కొనడానికి వెళ్ళిన సమయం చూసి, రికార్డింగు ఎక్కించిన ఆ ఫోనును మాస్టారి బల్ల మీద పెట్టి నొక్కాను. "ఒరేయ్ దున్నపోతా!" మాస్టారి వెన్ను నిటారుగా నిలబడింది. నల్ల గుడ్డ పరుచుకుంది. కత్తెర ఎత్తకుండా, కొలత మళ్ళీ చూస్తూ, చంక దగ్గర మెత్తగా తిరుగుతూ ఆ చేయి సాగుతుంటే నేను ఊపిరి బిగబట్టి చూశాను. చివరి తిట్టు అయిపోయింది. మళ్ళీ మొదటికి వస్తుందనుకున్నాం. రాలేదు. తలుపు చప్పుడైంది, తర్వాత అదే గొంతు, బాగా తగ్గి.

"వెళ్ళాడా వాడు? చూశావుటే ఆ చంక? ఈ వయసులో కూడా నాకంత బాగా రాదు. నా కంటే మంచి చెయ్యి. వాడికి మాత్రం చెప్పకు, రేపట్నుంచి కొలత చూడడు..." అప్పటి అక్కయ్య నవ్వు మొదలై, మధ్యలోనే తెగిపోయింది.

మాస్టారి చేతిలో కత్తెర ఆగిపోయింది. గుమ్మంలో గుండీల పొట్లంతో అక్కయ్య నిలబడి ఉంది. రోజూ పొద్దున్నే ఆవిడ ఫోనులో నొక్కేది ఏమిటో నాకప్పుడు వెలిగింది. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని గుర్తు పెడితే ఆ ముక్కనే తిప్పి తిప్పి వినిపిస్తుంది ఆ ప్లేయరు. ఆవిడ రోజూ తిట్ల దాకానే గుర్తు పెట్టేది.

"ఇన్నేళ్ళూ..." అన్నారు మాస్టారు.

"నాన్న చెప్పొద్దన్నాడు" అంది అక్కయ్య. కళ్ళు తుడుచుకుంటూనే, "ఇప్పుడు కొలత మానేస్తారా ఏంటి?" అంది.

మాస్టారు కత్తెర బల్ల మీద పెట్టారు. చేతిని చూసుకున్నారు. ఎదుట ఇంకా సగం కోయని గుడ్డ ఉంది. 

"మళ్ళీ పెట్టు" అన్నారు చివరికి.

"ఏది?"

"తిట్లే. తిట్ల దాకానే పెట్టు. ఆ చివరిది కోటు అయ్యాక వింటాను."

అక్కయ్య ఆ పగిలిన ఫోను అందుకుని, నా వైపు చురచురా ఒక చూపు చూసి, రెండు చోట్ల నొక్కింది.