హెక్టారు పెద్దదా, ఎకరా పెద్దదా

ఎమ్మిగనూరులో ఒక బడిలో నేను సైన్సు చెబుతాను. గ్రాములు కిలోలుగా, మిల్లీలీటర్లు లీటర్లుగా మార్చడంలో పిల్లలు తప్పు చేస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంటికి పోతే మాత్రం మా నాయన ముందు నా సైన్సు సాగదు. పురుగుమందును ఆయన సీసా మూతతో కొలుస్తాడు. ట్యాంకుకు ఒక మూత, పురుగు ఎక్కువుంటే మూతన్నర. ఒక్కో సీసా మూత ఒక్కో సైజు ఉంటుందని ఎంత మొత్తుకున్నా వినలేదు.

పోయిన వానాకాలం ఒక ఆదివారం నందవరం దగ్గరున్న మా ఊరికి పోయాను. పత్తికి పచ్చదోమ పట్టింది. రెండెకరాలూ పూత మీదున్నాయి. మందు మోతాదు మించితే ఆకు మాడి పూత రాలుతుంది, ఆ ఏటి పంట పోయినట్టే. ఈసారి అంగట్లో పొడి మందు ఇచ్చారు. పొట్లానికి మూత లేదు. నాయనకు దారి తోచక నా ముందు పెట్టాడు.

"ఎంత ఎయ్యాల్నో సూసి సెప్పమ్మా. సదువుకున్నదానివి."

ఇన్నాళ్లకు నా మాట చెల్లే రోజు వచ్చిందని మురిసిపోయాను. ఆయన కోసమే కొన్న వంటింటి డిజిటల్ త్రాసు సంచిలోంచి తీశాను. పొట్లం మీద హెక్టారుకు వంద గ్రాములని ఉంది. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. వందను రెండున్నరతో టకటకా హెచ్చించి, "ఎకరాకు రెండువందల యాభై గ్రాములు నాయనా" అన్నాను.

ఆయన పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"హెక్టారు పెద్దదా, ఎకరా పెద్దదామ్మా?"

"హెక్టారే పెద్దది."

"పెద్ద సేనికి నూరు సాలితే, సిన్న సేనికి అంత ఎందుకు?"

లెక్క మళ్లీ చూసుకున్నాను. భాగించాల్సిన చోట హెచ్చించాను. ఎకరాకు నలభై గ్రాములే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నాయన నవ్వలేదు. త్రాసు నా వైపు జరిపి, "అయితే తూకమెయ్యి" అన్నాడు. రెండెకరాలకు ఎనభై గ్రాములు తూచి ఇచ్చాను. దోమ పోయింది, పూత నిలిచింది. త్రాసు ఆయన దగ్గరే ఉండిపోయింది, అడిగినా ఇవ్వడు.

మరుసటి సోమవారం ఒక పాప ఐదొందల గ్రాముల కందిపప్పును ఐదు లక్షల కిలోలు చేసి తెచ్చింది. నా కోపానికి భయపడి ముందే తల దించుకుంది. నేను పక్కన కూర్చుని అడిగాను.

"గ్రాము పెద్దదా, కిలో పెద్దదామ్మా?"